మొహం చూసి ఆడిన ఆట

నంద్యాలలో విరజ అనే పన్నెండేళ్ల అమ్మాయి ఉండేది. చదరంగంలో దిట్టే గానీ, పావుల కంటే ఎదుటివాళ్ల మొహాన్నే ఎక్కువగా చూసేది. పావుకు తగలకుండా దాని మీద చెయ్యి ఆడించి, ఓరగా చూసేది. ఎదుటి పిల్ల కళ్లు మెరిస్తే చెయ్యి వెనక్కి తీసుకునేది. మొహం వాడిపోతే ఆ ఎత్తే వేసేది. అలాగే జిల్లా గెలిచింది, రాష్ట్రం గెలిచింది.

"ఆట బల్ల మీదుంటే మొహంలో ఏం ఎతుకుతాండావు మ్మా?" అని ఆట నేర్పే ఓబులేసు మాస్టారు తల పట్టుకునేవారు.

"గెలుస్తాండా కద సార్!" అని విరజ నవ్వేసేది.

చివరికి తాష్కెంటులో జరిగే అంతర్జాతీయ బాలల పోటీకి వెళ్లింది. అక్కడా ఆమె పాచిక పారింది. ఇక మిగిలింది ఆఖరి ఆట ఒక్కటే. గెలిస్తే బంగారు పతకం, ఓడితే వట్టి చేతులు.

ఎదురుగా ఐగుల్ అనే కజకిస్తాన్ అమ్మాయి కూర్చుంది. ఆమెకు పుట్టుకతోనే చూపు లేదు. పావులు గుచ్చిపెట్టే చిన్న బల్లను వేళ్లతో తడుముతూ ఆడేది; విరజ ముందు మామూలు పెద్ద బల్ల ఉంది. ఇలాంటి ఆటలో ఇద్దరూ తమ ఎత్తును పైకి చెప్పాలి.

విరజ అలవాటు చొప్పున చెయ్యి ఆడించింది. ఐగుల్ మొహంలో మార్పే లేదు. ఆ చెయ్యి ఆమెకు కనబడితే కదా! అయినా విరజ ఆ మొహంలో ఏదో ఒకటి కనబడకపోతుందా అని చూస్తూనే ఉంది. ఆట గడియారంలో విరజకు రెండు నిమిషాలే మిగిలాయి. గాభరాగా గుర్రాన్ని దూకించి, ఎత్తును పైకి చెప్పబోయింది. సగంలో ఆమెకు తెలిసొచ్చింది. తన రాజును ఇంతసేపూ కాపాడుతున్నది ఆ గుర్రమే! వదిలిన పావును వెనక్కి తీసుకోకూడదు. మిగతా మాట వణుకుతూ బయటికొచ్చింది.

బంటు వైపు వెళ్తున్న ఐగుల్ వేళ్లు ఆగాయి. ఆమె తల కాస్త పక్కకు వంచి, మళ్లీ మొదటి గడి నుంచి తడమడం మొదలుపెట్టింది. ఆ వేళ్లు గుర్రం ఖాళీ చేసిన గడి దగ్గరికి వచ్చి నిలిచాయి. ఐగుల్ తన ఏనుగును విరజ రాజు ఉన్న వరసలోకి దించి, ఎత్తు చెప్పింది. నియమం ప్రకారం ఆ ఏనుగును పెద్ద బల్ల మీద విరజే జరపాలి. తన చేత్తోనే జరిపింది. ఆట కట్టు.

"నీ గొంతు వణక్కపోతే నేను మళ్లీ తడిమేదాన్ని కాదు," అంది ఐగుల్ ఇంగ్లీషులో, చెయ్యి కలుపుతూ.

బయట మాస్టారిని చూడగానే విరజకు ఏడుపు ఆగలేదు.

"చూపులేని ఆ పిల్ల బల్లంతా చూసింది సార్. కండ్లుండీ నేను ఆ పిల్ల మొహం చూస్తా కూర్చున్యా."

మాస్టారు తిట్టలేదు. సంచిలోంచి బల్ల తీసి, మెట్ల మీదే పావులు పేర్చారు. ఈసారి ఆట ముగిసేదాకా విరజ బల్ల మీంచి ఒక్కసారి కూడా తలెత్తలేదు.

నీతి: ఎదుటివారి తడబాటును నమ్ముకున్నవాళ్లు, తడబడనివాళ్లు ఎదురైన రోజున ఓడిపోతారు. చూపు ఎప్పుడూ చేసే పని మీదే ఉండాలి.