దిగని మనిషి

ఒక ఏటి రేవులో ఒక పడవవాడు ఉండేవాడు. వరద వచ్చి వెళ్ళిన ఏడాది నుంచీ అతని పడవలో ఎప్పుడూ ఒక మనిషి ఎక్కువ ఉండేవాడు. ఆ మనిషి పడవవాడికి తప్ప ఇంకెవరికీ కనిపించేవాడు కాదు.

ఈ సంగతి ముందుగా కనిపెట్టింది పడవవాడి భార్య. ఒకనాటి పొద్దున ఆమె చద్దిమూట పట్టుకుని రేవుకి వచ్చింది. ఖాళీ పడవలో మొగుడొక్కడే అవతలి ఒడ్డు నుంచి వస్తున్నాడు. అయినా ముందు బల్ల మీద ఎవరో కూర్చున్నట్టు, ఆ బరువుకి సరిపడా వెనక్కి ఒరిగి తెడ్డు వేస్తున్నాడు. ఒడ్డు చేరాక చెయ్యి చాపి, "మెల్లిగా దిగన్నా, బురదుంది" అన్నాడు. కాసేపు చూసి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"ఎవరితో మావా?" అని అడిగింది ఆమె.

"ఈయనతోనే. ఎన్నిసార్లు ఒడ్డుకి తెచ్చినా దిగడం లేదు" అన్నాడు, తన తప్పే అన్నట్టు.

ఆమె ఆ మాట కడుపులోనే దాచుకుంది. కానీ ఏటి మీద జరిగేది రెండు ఒడ్లకీ కనిపిస్తుంది. అతను ముందు బల్ల మీద ఎవరినీ కూర్చోనిచ్చేవాడు కాదు. అంత చోటు ఖాళీగా పెట్టుకుని, చంటిబిడ్డని ఎత్తుకున్న తల్లిని కూడా, "నిండిపోయిందమ్మా" అని ఒడ్డునే వదిలేసేవాడు. రానురాను తిండి తగ్గింది, నిద్ర కరువైంది. ఆ మనిషి తడిసి వణుకుతున్నాడని తన దుప్పటి పడవలోనే వదిలి వచ్చేవాడు.

ఊరిపెద్ద భూతవైద్యుణ్ణి పిలిపించాడు. వాడు ఎండుమిరపకాయల పొగ పెట్టి, వేపమండలతో వీపు చిట్లేలా కొట్టి, "ఎవరు నువ్వు? ఎందుకు పట్టుకున్నావు?" అని గద్దించాడు.

పడవవాడు దగ్గుతూ, "ఆయన నన్ను పట్టుకోలేదయ్యా" అన్నాడు. "ఆయన పడవలో ఉన్నాడు."

మూడో నాడు, "పోయాడు" అన్నాడు. అలా అంటే కొట్టడం ఆపుతారని అతనికి అప్పటికి తెలిసింది. నాలుగో నాడు మళ్ళీ ముందు బల్ల ఖాళీగా ఉంచాడు.

ఇక జనం భయపడ్డారు. ఇలాంటివాడు ఎప్పుడో నడి ఏట్లో పడవ ముంచేస్తాడన్నారు. ఊరిపెద్ద మనుషుల్ని పంపి అతన్ని ఇంటి గుంజకి గొలుసుతో కట్టించాడు. తాళంచెవి భార్య చేతిలో పెట్టి, "నీ మంచికే తల్లీ" అన్నాడు. ఆమె దాన్ని కొంగున ముడేసుకుని మొగుడికి ముద్దలు కలిపి పెట్టేది. అతను ఎదురు తిరగలేదు. గొలుసుని బారలతో కొలుస్తూ కూర్చునేవాడు. "ఇంకో రెండు బారలుంటే ఆయనకి అందేది" అనేవాడు. ఆ మాటకి అర్థమేమిటో ఆమె అడగలేదు. అడిగితే ఇంకేం వినాల్సి వస్తుందోనని భయం.

ఆ రోజుల్లోనే దిగువ నుంచి ఇంకొకడు వచ్చి రేవులో కొత్త పడవ వేశాడు.

తరవాత వైద్యుడొచ్చాడు. నల్లటి చేదు కషాయం ఇచ్చి పూటపూటా తాగించమన్నాడు. పడవవాడు పగలూ రాత్రీ పడి నిద్రపోయాడు. లేచాక చేతులు వణికాయి, నాలుక మందమైంది.

"ఆయనున్నాడా మావా?" అని అడిగింది భార్య.

"తెలీడం లేదు. నేనున్నానో లేదో కూడా తెలీడం లేదు."

అయినా ఆ కషాయం పుణ్యానే అతను నాలుగు మెతుకులు తిన్నాడు, గొలుసు ఊడింది. అది ఆమె ఎన్నడూ మరిచిపోలేదు. వైద్యుడు మంచివాడు. మందు కొద్దికొద్దిగా తగ్గిస్తూ, "నా మందు మనిషిని లేపి నిలబెడుతుంది. నడిపించడం దానివల్ల కాదు" అన్నాడు. "ఎగువ ఊళ్ళో ఒకావిడ ఉంది. ఆవిడ మందివ్వదు, మంత్రం వెయ్యదు. వింటుంది. పిలిపించుకోండి."

ఆ వినే మనిషి వచ్చింది. నడివయసు మనిషి. రేవులో కట్టేసి ఉన్న పడవలోకి ఎక్కి, మధ్య బల్ల మీద కూర్చుంది. భార్య ఒడ్డున బట్టలు ఉతుకుతున్నట్టు నటిస్తూ చెవులు అటే పెట్టింది.

"ఆయన ఎక్కడ దిగాలి?" అని అడిగింది ఆవిడ.

అన్నాళ్ళలో ఆ మాట అడిగినవాళ్ళు లేరు. పడవవాడు తెడ్డు మీద తల ఆనించి చాలాసేపు ఏడ్చాడు.

ఆవిడ మర్నాడూ వచ్చింది. ఆ మర్నాడూ వచ్చింది. వానలు వెళ్ళి చలి మొదలయ్యేదాకా వస్తూనే ఉంది. ఒకరోజు అతను నోరు విప్పాడు.

"వరదనాడు పడవ నిండిపోయింది. ఈయన బతిమాలితే ఎక్కించుకున్నాను. నడిమధ్యలో పడవ ఒరిగి ఈయన నీళ్ళలో పడ్డాడు. ఒక చేత్తో ఈయన్ని పట్టుకున్నాను. రెండో చేతిలో తెడ్డుంది. తెడ్డు వదిలేస్తే పడవలో పదిమందీ పోతారు. చెయ్యి జారిపోయిందని ఊరందరికీ చెప్పాను. జారలేదమ్మా. నేనే వదిలాను."

ఒడ్డున భార్య చేతిలో బట్ట నీళ్ళలో కొట్టుకుపోయింది. ఆ పదిమందిలో ఆమె కూడా ఉంది. ఆ రోజు ఆమె కళ్ళు మూసుకుని, పడవ అంచు కరిచిపట్టుకుని ఉంది. ఇన్నాళ్ళూ పక్కన పడుకుని కూడా, ఆనాడు ఏం జరిగిందని ఒక్కనాడూ అడగలేదు.

నీ తప్పు లేదని ఆవిడ అంటుందనుకుంది భార్య. ఆవిడ అలా అనలేదు. "అవును, వదిలావు" అంది. పడవవాడు చాలా రోజుల తరవాత గుండెల నిండా ఊపిరి తీసుకున్నాడు.

సంక్రాంతి దాటాక ఒకనాడు, "ఇప్పుడాయన ఏం చేస్తున్నాడు?" అని అడిగింది ఆవిడ.

"అటు తిరిగి కూర్చున్నాడు. మాట్లాడ్డం లేదు."

"ఆయన అలా కూర్చుని ఉండగా నువ్వు తెడ్డు వెయ్యగలవా?"

అతను ఆలోచించి చెప్పాడు. "వెయ్యగలను."

"అయితే చాలు. ఎవరికైనా అంతకన్నా ఎక్కువ దొరకదు" అని ఆవిడ పడవ దిగి ఒడ్డున నిలబడింది. అతను తాడు విప్పి, పడవని బాణంలా అవతలికి తీసుకెళ్ళి తిరిగొచ్చాడు. ఎటూ ఒరగలేదు. భార్య ఆ పూట పాయసం వండింది.

మర్నాడు రేవుకి బయల్దేరేముందు అతని చెయ్యి పట్టుకుని, "జనం అడిగితే దిగిపోయాడని చెప్పు మావా. ఒక్క మాట. దాంతో ఏమీ పోదు" అంది.

"అబద్ధం కదే" అన్నాడు.

జనం అడగనే అడిగారు. "ఆ మనిషి దిగిపోయాడా?"

"దిగలేదండి. ఊరికే కూర్చుంటాడు. ఎవరికీ అడ్డురాడు" అన్నాడు పడవవాడు.

"మంచిది, మంచిది. బాగుపడ్డావు, అదే పదివేలు" అన్నారు అందరూ. అని, కొత్త పడవ కోసం వరసలో నిలబడ్డారు. ఆ వరసలో వరదనాటి పదిమందిలోని వాళ్ళూ ఉన్నారు.

అలా రోజులు గడిచాయి, నెలలు గడిచాయి. అతను రోజూ పొద్దున్నే వచ్చి పడవ కడిగి, తెడ్డు తుడిచి కూర్చునేవాడు. ఎవరూ తిట్టలేదు, రాయి వెయ్యలేదు. అందరూ పలకరించేవారు. ఎవరూ ఎక్కేవారు కాదు.

ఎండలు ముదిరాక ఒక ఉదయం వినే మనిషి రేవుకి వచ్చింది. ఆవిడ ఏరు దాటి వెళ్ళాలి. భార్య దూరం నుంచే చూసి, గబగబా మధ్య బల్లని పైటకొంగుతో తుడిచింది. పడవవాడు లేచి నిలబడ్డాడు.

ఆవిడ వచ్చి అతని భుజం మీద చెయ్యి వేసింది. "ఎలా ఉన్నావు నాయనా?"

"బాగున్నానమ్మా."

"తెలుస్తూనే ఉంది. చాలా బాగున్నావు" అంది. ఆ మాట మనసారా అంది. అవతల ఒక జబ్బుమనిషి తనకోసం ఎదురుచూస్తోందని చెప్పింది. కొత్త పడవవాడు బయల్దేరబోతూ కేక వేశాడు. ఆవిడ ఒక్క క్షణం ఆగి, చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వెళ్ళి ఆ పడవ ఎక్కింది.

పడవ నడి ఏరు దాటేదాకా భార్యాభర్తలు చూస్తూ నిలబడ్డారు.

"తొందరేమోలే" అన్నాడు పడవవాడు.

భార్య చీర దోపుకుని పడవలోకి ఎక్కి కూర్చుంది. "పద మావా. నేనొస్తాను, అవతలికి పోయొద్దాం."

"నువ్వెక్కితే ఎక్కినట్టు కాదే" అన్నాడు మెల్లిగా.

అతను తాడుని గుంజకి మూడు ముళ్ళు వేసి బిగించాడు. తెడ్డు పడవలో అడ్డంగా పెట్టాడు. కండువా భుజాన వేసుకుని, కొత్త పడవ తిరిగి రావడం కోసం నిలబడ్డ వాళ్ళ దగ్గరికి నడిచి వరస చివర నిలబడ్డాడు.

"ఎక్కడికి?" అని భార్య పడవలోంచే అడిగింది.

"అవతలికి."

"మన పడవుంది కదా మావా."

అతను తల తిప్పి తన పడవని, జనం దాన్ని చూసినట్టే, ఒకసారి చూశాడు.

"వద్దులే. ఎందుకొచ్చిన గొడవ" అన్నాడు.

అతని ముందున్న మనిషి వెనక్కి తిరిగి చూసి, నవ్వి, మధ్యలో ఎడం వదిలి రెండడుగులు ముందుకి జరిగి నిలబడ్డాడు.