మహారాణి నోట రాని పేరు

ధీరకేసరి మహారాజుకు ఒకరోజు పొద్దున్నే తన దేశం పేరు మీద విరక్తి పుట్టింది.

దేశం పేరు గుగ్గిలసీమ. నిక్షేపంలాంటి పేరే. కానీ ముందురోజు వచ్చిన రాయబారి ఒకడు, తమ ప్రభువు దేశానికి తన పేరే పెట్టుకున్నాడని చెప్పి చక్కా పోయాడు. అప్పటినుంచి మహారాజుకు అన్నం సయించడం లేదు.

"గుగ్గిలమట, గుగ్గిలం! పొగ వేసుకునే సరుకు పేరా నా రాజ్యానికి?" అన్నాడు నిండుకొలువులో.

ఆస్థాన పండితుడు విరూపాక్షశాస్త్రి ఇలాంటి సందు కోసమే కాచుకుని కూర్చునే మనిషి.

"ధీరకేసరి మండలం! ఈ పేరు ఎన్నాళ్లనుంచో నా నాలుక మీద ఆడుతోంది ప్రభూ" అన్నాడు.

మహారాజు పొంగిపోయి కొమ్మనవైపు చూశాడు. కొమ్మన అతిథిశాల అధికారి. దేశదేశాల వాళ్లకు భోజనం పెట్టించి, వాళ్ల కబుర్లన్నీ విని పోగేసుకున్నవాడు. మాటకు మాట అప్పచెప్పడంలో చెయ్యి తిరిగినవాడు. శాస్త్రికి అతనంటే ఒళ్లుమంట.

"ప్రభూ, మన దేశానికి మొదటి పేరు ఏటవతల" అన్నాడు కొమ్మన. "అది మన తాతలు పెట్టుకున్నది కాదు, ఏటికి ఆ గట్టున ఉన్నవాళ్లు పిలిచింది. తర్వాత వర్తకులు గుగ్గిలం కోసం పడవలెక్కి రాసాగారు. 'ఎక్కడికోయ్?' అని అడిగితే 'గుగ్గిలసీమకి' అనేవాళ్లు. అలా పాత పేరు పోయి ఇది నిలిచింది. దీనికి ఎవరూ చాటింపు వెయ్యలేదు. జనం నోటికి అలవాటైందే పేరు ప్రభూ."

"అయితే నేనే అలవాటు చేయిస్తాను" అన్నాడు మహారాజు, మూతి ముడుచుకుని.

వెంటనే శాసనం తయారైంది. పాత పేరు పలికినా, అడిగినప్పుడు కొత్త పేరు చెప్పకపోయినా, పొద్దు గూకేలోగా పొలిమేర దాటాలి.

"ఎంతటివారైనా సరే అని కూడా చేర్పించండి ప్రభూ" అన్నాడు శాస్త్రి, కొమ్మనను ఓరగా చూస్తూ. "మహారాణీవారికైనా మినహాయింపు ఉండకూడదు. అప్పుడే జనానికి భయం."

చాటింపు వేశారు. పొలిమేర రాళ్ల మీద కొత్త పేరు చెక్కించే పని శాస్త్రి తనే పైనేసుకున్నాడు. సంతలో ఆడవాళ్లు మాత్రం ఆ పొడుగాటి పేరు సగం పలికి, నోరు తిరగక, "అదేనమ్మా, మన దేశమే" అని సరిపెట్టుకున్నారు.

కొన్నాళ్లకు, ఒక ఉదయం కొలువులో ధూపం వేశారు. కొత్తగా వచ్చిన పరదేశి వర్తకుడు గుండెనిండా పీల్చి, "ఆహా! ఎక్కడిదండీ ఈ గుగ్గిలం?" అన్నాడు.

"ఇంకెక్కడిది, మా గుగ్గిలసీమదే!" అన్నాడు కొమ్మన హుషారుగా. అనేసి నాలిక కరుచుకున్నాడు.

"విన్నారా ప్రభూ, విన్నారా!" అంటూ శాస్త్రి లేచి నిలబడ్డాడు.

మహారాజుకు కొమ్మనంటే ఇష్టమే. కానీ నిండుకొలువు, తన శాసనం. "పొద్దు గూకేలోగా వెళ్లిపో కొమ్మనా" అన్నాడు, అతని మొహం చూడకుండా.

కొమ్మన నిజంగానే భయపడ్డాడు. ఏటి ఒడ్డున ఇల్లు, ఇంట్లో భార్య అక్కమ్మ గుర్తొచ్చారు. 'పాపం అక్కమ్మ! రేపు ఎవరైనా వచ్చి మీ ఆయన పేరు చెప్పమ్మా, వెతుకుతాం అంటే ఏం చెబుతుంది? ఇన్నేళ్ల కాపురంలో ఒక్కసారైనా నా పేరు నోట పలికిన మనిషి కాదే' అనుకున్నాడు.

అనుకుని ఆగాడు. మెల్లగా తలెత్తి, మహారాజు పక్కన కూర్చుని తమలపాకులు చుడుతున్న మంగళాదేవి వైపు చూశాడు.

"ప్రభూ, చివరి కోరిక ఒక్కటి. మహారాణీవారు మాకందరికీ తల్లి. నా దేశం పేరు ఆ తల్లి నోట ఒక్కసారి విని వెళ్లిపోతాను."

"ఓస్, అంతేనా? చెప్పు దేవీ" అన్నాడు మహారాజు.

మంగళాదేవి బుగ్గలు ఎర్రబడ్డాయి. కొంగు వేలికి చుట్టుకుంది. "మీరు మరీనూ! నేనెలా చెబుతాను? అది... మీ పేరు కదూ!"

"నా పేరైతే ఏం?"

"కట్టుకున్నవారి పేరు పలికితే వారికి ఆయుష్షు తగ్గుతుందని మా అమ్మ చెప్పి పంపింది."

మహారాజు సింహాసనం మీద ఒక్క గెంతు గెంతాడు. "వద్దు, వద్దు! పలక్కు!"

"ఒక్కసారికి ఏమవుతుందిలెండి..." అని నసిగాడు శాస్త్రి.

"తగ్గేది నీ ఆయుష్షా శాస్త్రీ?" అని కసిరాడు మహారాజు.

మంగళాదేవికి కొమ్మనను చూస్తే జాలేసింది. ఆవిడ చుడుతున్న తమలపాకు చిలక పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, అందరికీ వినబడేలా చెప్పింది.

"గుగ్గిలసీమ, నాయనా."

కొలువంతా బిగుసుకుపోయింది. కొమ్మన మాత్రం వాకిలివైపు తిరిగి కేకేశాడు.

"బోయీలూ, పల్లకీ తీసుకురండి! మహారాణీవారు పొద్దు గూకేలోగా పొలిమేర దాటాలి. మినహాయింపు లేదని శాస్త్రిగారే చేర్పించారు. నేను వెనకాల నడిచి వస్తాను."

శాస్త్రి మొహంలో నెత్తురు చుక్క లేదు. పల్లకీ నిజంగానే వచ్చి వాకిట్లో దిగింది.

"వెళ్లిపోతావా దేవీ?" అన్నాడు మహారాజు బేలగా.

"పుట్టింటికి వెళ్లి చాలా కాలమైంది లెండి" అంది మంగళాదేవి, నవ్వు ఆపుకుంటూ.

మహారాజు ఆవిడ వైపు, కొమ్మన వైపు చూసి, పగలబడి నవ్వాడు. ఆయన నవ్వాక ఇక నవ్వనివాడు లేడు.

"నువ్వు లేని చోట నా పేరు మాత్రం ఉండి ఏం లాభం? శాసనం రద్దు! శాస్త్రీ, చెక్కించిన రాళ్లు నువ్వే దగ్గరుండి చెరిపించి రా. కొమ్మనా, వచ్చిన పల్లకీ వట్టిగా పోకూడదు. నేటినుంచి అది బోయీలతో సహా నీది, ఎక్కు!"

మంగళాదేవి తను చుట్టిన తాంబూలం అతని చేతిలో పెట్టింది. పల్లకీ లేచింది.

"ఎక్కడికోయ్, కొమ్మనా?" అని మహారాజు వెనకనుంచి కేకేశాడు.

కొమ్మన తెర తొలగించి తల బయటికి పెట్టాడు.

"గుగ్గిలసీమకి, ప్రభూ!"