ఈరన్న కొలతాళ్లు

ఏ పటంలో వెతికినా దొరకని ఒకానొక రాజ్యాన్ని వీరమార్తాండుడనే రాజు ఏలేవాడు. ఒకనాడు ఆయనకు గొప్ప ఆలోచన పుట్టింది. రాజులకు గొప్ప ఆలోచనలు పుడితే అవస్థ ఎవరికో మీకు చెప్పనక్కర్లేదు.

"మన కొలువంతా ఒక్క కుటుంబం! కుటుంబంలో దాపరికాలేమిటి? రేపటి నుంచి పని మొదలుపెట్టే ముందు వరుసగా ఒక్కొక్కరు లేచి తమ ఇంటి సంగతి చెప్పాలి," అన్నాడు.

చెప్పారు పాపం. తన భార్య తనను కేకలేస్తుందని సేనాపతి నోరు జారాడు. మర్నాటి నుంచి కాపలావాళ్లు ఆయన్ని చూసి నవ్వాపుకోలేక చచ్చారు. కొడుక్కి చదువు అబ్బలేదని పురోహితుడు చెప్పుకున్నాడు. వారం తిరక్కుండానే సలహాలు విని విని ఆయన చెవులు చిల్లులు పడ్డాయి.

ఆపైన ఆస్థాన దర్జీ ఈరన్న వంతు వచ్చింది.

ఈరన్న కుట్టే అంగీల మీద జరీ పూలు వేసేది అతని భార్య గంగమ్మ. ఆమె చేతి పనికి ఏడు ఊళ్లలో పేరు. ఈమధ్య ఆమెకు చూపు మసకబారింది. వైద్యం జరుగుతోంది. "నయమయ్యేదాకా ఈ మాట గడప దాటకూడదు. నలుగురి చేతా అయ్యో పాపం అనిపించుకోవడం నావల్ల కాదు," అని భర్త దగ్గర మాట తీసుకుంది. ఆమె పనితనమన్నా, పౌరుషమన్నా ఈరన్నకు గర్వం.

అందుకే, "చెప్పడానికేమీ లేదు ప్రభూ," అన్నాడు.

"ఏ సంగతీ లేని ఇల్లుంటుందా? దాస్తున్నావు! రేపు చెప్పు. లేదా సూదీ దారం అప్పగించి వెళ్లిపో," అని రాజు గర్జించాడు.

మర్నాడు ఈరన్న ఒక తాళ్ల కట్ట భుజాన వేసుకుని సభకు వచ్చాడు. ఆ రాజ్యంలో దర్జీలు కొలతలు రాసుకునేవారు కాదు. మనిషికో తాడు పెట్టుకుని, కొలత వచ్చిన చోటల్లా ముడి వేసేవారు.

"ప్రభూ, మా ఇంట్లో గోడ నిండా వేలాడేవి ఇవే. ఇవాళ ఒక్కటీ దాచను. ఈ పచ్చ తాడు మంత్రిగారిది. కిందటేటి నడుము ముడికీ, ఈ ఏటి ముడికీ మధ్య..."

మంత్రిగారికి ఉన్నట్టుండి దగ్గు తెర వచ్చింది.

"సరే, వారిది తర్వాత. ఈ ఎర్ర తాడు తమది. తమ విశాలమైన ఛాతీ చూసి శత్రువులు పారిపోతారని లోకమంతా చెప్పుకుంటుంది కదా! ఇక్కణ్ణుంచి ఈ ముడిదాకా తమ ఛాతీ. ఇక్కణ్ణుంచి అదిగో ఆ ముడిదాకా అంగీ ఛాతీ. మిగిలిన ఈ జానెడులో..."

"ఆగు!" రాజు సింహాసనం మీంచి లేచి నిలబడ్డాడు.

"అదేమిటి ప్రభూ? మనమంతా ఒక్క కుటుంబమే కదా!"

ఈరన్న తాళ్లు చుట్టి మళ్లీ భుజాన వేసుకున్నాడు. గొంతు పెంచలేదు, తలా దించలేదు.

"తమరు ఆపకపోయినా నేనే ఆగేవాణ్ణి. పద్దెనిమిదేళ్లుగా ఈ కొలువంతా నా ముందు చేతులెత్తి నిలబడింది. ఒకరి కొలత ఇంకొకరికి చెప్పి ఎరగను. తమ గుట్టు దాచిన నోరూ, నా ఇంటి గుట్టు దాచే నోరూ ఒక్కటే. ఒక కొస కుట్టు విప్పితే రెండో కొస నిలవదు. పనికి కావలసింది మాత్రం దాచను. ఇంట్లో ఒకరికి ఒంట్లో బాగాలేదు, పండగ అంగీ పది రోజులు ఆలస్యమవుతుంది. అంతకు మించినది మా ఇంటిది."

రాజుగారి మీసాలు అదిరాయి. కోపమనుకుని అందరూ బిగుసుకుపోయారు. ఆయనేమో పగలబడి నవ్వాడు.

"పది రోజులెందుకు, నెల తీసుకో! ఈ ఇంటి సంగతుల ఆచారం ఇవాళ్టితో సరి. ఇకమీదట చెప్పాలనిపించినవాళ్లు, చెప్పాలనిపించినంతే చెప్పండి," అని తన బంగారు కంకణం తీసి ఈరన్న చేతికి తొడిగాడు. తర్వాత తన ఛాతీ మీద చరుచుకుని, "నాకిప్పుడు చెప్పాలనిపిస్తోంది. ఇందులో సగం పత్తి!" అన్నాడు.

సభ గొల్లుమంది. సేనాపతికి నవ్వీ నవ్వీ కళ్లలో నీళ్లు తిరిగాయి.

"నువ్వు చెప్పవయ్యా ఈరన్నా, అంగీకి ఎంత పత్తి పడుతుందో!" అని రాజు కూడా నవ్వుతూ అడిగాడు.

ఈరన్న ఒక్కడే నవ్వలేదు. చేతులు కట్టుకుని, ఎంతో వినయంగా అన్నాడు:

"పత్తా? నాకు తెలియదు ప్రభూ."