దాలమ్మ మూడు ముంతలు

ఖర నామ సంవత్సరం, భాద్రపద బహుళ తదియ, గురువారం. పొద్దున ముసురు, మధ్యాహ్నం ఉక్క. ఏ ఖర అని అడక్కండి. అరవయ్యేళ్లకోసారి వస్తూనే ఉంటుంది. తాతలు మనవలకు చెప్పుకొస్తున్న ఖర అనుకోండి.

ఆ రోజు వాగుపాడులో చలిజ్వరం చొరబడింది. ఊరికి మూడు వీధులు: పైవీధి, నడివీధి, వాగువీధి. వైద్యుడు సన్యాసయ్య కషాయం కాస్తే పంపకం పైవీధిలోనే మొదలు. అది మర్యాద. వాగువీధికి వచ్చేసరికి కుండ అడుగు కనిపించేది. వైద్యుడింట్లో మందులు నూరే దాలమ్మది వాగువీధే. ఆమె మొగుడు కిందటేడు అలాగే మందందక పోయాడు. ఈసారి కూతురు వణుకుతోంది.

"బాబూ, ముందు మా వీధికి పొయ్యండి. జొరాలన్నీ మాకే."

"నీకెలా తెలుసే? పైవీధికే ఎక్కువని మునసబుగారు చెప్పారు."

మునసబు కూర్మినాయుడు తుమ్మితే చాలు, కషాయానికి వచ్చేవాడు. అంత చేదు అంత ఇష్టంగా తాగిన మనిషి మళ్లీ పుట్టలేదు.

దాలమ్మ గడపగడపా తిరిగింది. వీధికో ముంత, జ్వరానికో కందిగింజ. వైద్యుడి భార్య చూసుకోక ఆ గింజల్ని గుగ్గిళ్లలో కలిపేసింది.

"వాగువీధి మొత్తాన్నీ తినేశారు బాబూ!" అంది దాలమ్మ. వైద్యుడికి పొలమారింది.

మళ్లీ తిరిగింది. ఈసారి వేయించిన శనగలు. మునసబు వైద్యుడి అరుగు మీద కూర్చుని కబుర్లు చెబుతూ నమిలేశాడు. ఖాళీ ముంత ఎత్తి చూపించాడు.

"చూశావా సన్యాసయ్యా? వాగువీధిలో ఒక్క జొరం లేదు. నేను చెప్పలే?"

దాలమ్మ మూడోసారి తిరిగింది. ఈసారి మందుల అరలోంచి ముష్టిగింజలు తీసింది. తిన్నవాడు మిగలడు. మునసబు చెయ్యి ముంతదాకా వెళ్లి, కాలినట్టు వెనక్కొచ్చింది.

వైద్యుడు లెక్కపెట్టాడు. వాగువీధి నలభై ఒకటి. నడివీధి తొమ్మిది. పైవీధి రెండు.

"ఆ రెండూ ఎవరే?"

"మునసబుగారే బాబూ. రెండు వెయ్యమన్నారు."

సన్యాసయ్య కషాయం కుండ తానే ఎత్తుకుని తిన్నగా వాగువీధికి నడిచాడు. మూడో రోజుకి పిల్లకు వణుకు ఆగింది, "అమ్మా, ఆకలి" అంది.

దాలమ్మ పండుముసలై కన్నుమూసింది. కోక, ఇల్లు కూతురికి. నూరుడుబండ వైద్యుడి భార్యకి. ముంతలు ఊరికి. నేటికీ వాగుపాడుకి నర్సమ్మ మాత్రల సంచితో వస్తే, "ముందు ముంతలు చూడమ్మా" అంటారు. ఏ ముంత బరువుగా ఉంటే ఆ వీధికే ముందు నడుస్తుంది.

మునసబు వంశానికి మాత్రం ఏమీ దక్కలేదు, మొదటి మాత్ర కూడా.