పసుపు చేతులు, తెల్లటి కళ్ళు

మీ ఇంట్లోవాళ్ళ కళ్ళలోకి ఈమధ్య ఒక్కసారైనా పరీక్షగా చూశారా? పసుపు దంచే నీలాలు చూసింది గనకనే బతికిపోయింది.

యువరాణి ఒళ్ళంతా పచ్చబడింది. రాజవైద్యుడు భైరవభట్టు నాడి కూడా పట్టకుండా తేల్చేశాడు. "జబ్బేమీ లేదు ప్రభూ! అంతా ఈ నీలాలు అమ్మిన కల్తీ పసుపు మహిమ. దీన్ని రాజ్యం నుంచి వెళ్ళగొట్టండి."

నీలాలు తల వంచలేదు. మోచేతులదాకా పచ్చబడ్డ చేతులు రాజు ముందు చాపింది.

"ఇరవై ఏళ్ళుగా ఈ పసుపులోనే బతుకుతున్నాను ప్రభూ. నా చేతులు చూశారుగా, ఇప్పుడు నా కళ్ళు చూడండి."

కళ్ళు మల్లెపూలలా తెల్లగా ఉన్నాయి.

"ఇక అమ్మాయిగారి కళ్ళు చూడండి."

రాజు కూతురి గడ్డం ఎత్తి చూశాడు. కంటి తెల్లగుడ్డు నిమ్మపండులా పచ్చగా ఉంది.

"చదువురానిదానివి, నీకేం తెలుసే?" అని భట్టు గద్దించాడు.

"చదవడం రాదు భట్టుగారూ, చూడటం వచ్చు. ఒంటికి రాసిన పసుపు కంటిగుడ్డుకెలా అంటుతుంది? అది లోపల్నుంచి వచ్చిన పచ్చదనం, కామెర్లు! నన్ను తర్వాత వెళ్ళగొడుదురుగాని, ముందు పిల్లకి వైద్యం చేయండి."

రాజు భట్టును పక్కకి తప్పుకోమన్నాడు. వేరే వైద్యుడొచ్చాడు, యువరాణి కోలుకుంది. నీలాలు తల ఎత్తుకునే ఇంటికెళ్ళింది.

రేపు పొద్దున్నే వెలుతురులో మీవాళ్ళ కళ్ళు చూడండి. పచ్చగా కనిపిస్తే ఆ పూటే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్ళండి!