తుమ్ము పడ్డ గాండ్రింపు

తూర్పు కొండల్లో ఒక గుహ ఉంది. దాని గోడల నిండా, కప్పు నిండా బూరుగు దూది కూరిన గిజిగాడి గూళ్ళే. అందుకని లోపల ఎంత అరిచినా మాట తిరిగి మోగదు, పాట తేటగా వినపడుతుంది. ఆ గుహ ఎలుగుబంటి అప్పలకొండది. తమ పాట అడవంతా వినాలని సరదాపడే పిట్టలన్నీ అక్కడికొచ్చి పాడేవి. గోరింక పైడమ్మ ఒక్కసారి వింటే చాలు, ఉన్నదున్నట్టు గొంతులో దాచుకుని, కొమ్మకొమ్మకీ ఎగిరి వినిపించేది. గుహ ఆయనది, గొంతు ఆమెది. వచ్చిన పళ్ళూ పురుగులూ చెరిసగం.

ఎండల్లో కోయిలలు, తొలకరికి నెమళ్ళు. అంతవరకూ బాగానే ఉండేది. చలి పడితే మాత్రం పాడే నాథుడే ఉండడు. ఆ ఏడు చలి మరీ ముందే వచ్చింది. పైడమ్మ పిల్లలు నలుగురూ పొద్దస్తమానం నోళ్ళు తెరుచుకునే ఉన్నారు.

"అన్నా, ఇలాగైతే నేను ఏరు దాటి పోవాల. పిల్లల్ని పస్తు పడుకోబెట్టలేను" అంది పైడమ్మ.

అప్పలకొండ గుండెలో రాయి పడింది. ఆమె పోతే మిగిలేది వట్టి బొరియే.

ఈ సంగతి నక్క నారాయుడి చెవిన పడింది. అతగాడి కన్ను ఎప్పట్నుంచో ఆ వెచ్చటి గుహ మీదే ఉంది. "ఎందుకొచ్చిన తంటా బావా? గుహ నాకిచ్చీసి, హాయిగా పుట్టలు తవ్వుకో" అన్నాడు.

"చూద్దాంలే" అన్నాడు అప్పలకొండ. ఆ మాటలో పస లేదని ఆయనకే తెలుసు.

మర్నాడు పొద్దున్నే గుడ్లగూబ వచ్చి వాలింది. "కాకుల గోలకి పగలు కునుకు పట్టట్లేదయ్యా. ఇంత నిశ్శబ్దం ఖాళీగా పెట్టుకున్నావేటి? పడుకోనీ, రోజుకి గుప్పెడు మిడతలిస్తాను."

అప్పలకొండ నోరు తెరిచాడు. నిశ్శబ్దానికి కూడా గిరాకీ ఉంటుందని ఆయన కలలోనైనా అనుకోలేదు. ఆ వారమే నిండు చూలాలు దుప్పి కూడా ఓ మూల చేరింది, బుట్టెడు ఉసిరికాయలకి.

పైడమ్మకీ హుషారొచ్చింది. "నా గొంతులో పాటలే కాదన్నా, వాన చప్పుడుంది, పులిదొర గాండ్రింపుంది. కావలసినవాళ్ళకి అద్దెకిద్దాం."

తన రేగుచెట్టు మీద పడ్డ కోతుల్ని తరమడానికి ముందుగా ఉడత గాండ్రింపు అడిగింది. పైడమ్మ వెళ్ళి ఒక్కటి వదిలింది. కోతులు మళ్ళీ ఆ ఛాయలకి రాలేదు. పిల్లల పొట్టలు నిండాయి. ఏరు దాటే మాట ఆమె ఎత్తడం మానేసింది.

ఒక మధ్యాహ్నం నారాయుడు తేనెపట్టు పట్టుకొచ్చాడు. "నా పొద దగ్గరా కోతులే బావా. ఒక్క గాండ్రింపు ఇప్పించు."

అప్పలకొండ తేనెపట్టు వాసన చూసి ఇంకేమీ అడగలేదు. పైడమ్మ నక్క వెంట వెళ్ళింది.

కాసేపటికి గుహ పక్క పొదలోంచే పులి గాండ్రించింది. గుడ్లగూబ లేచి కప్పుకి గుద్దుకుంది. దుప్పి పొట్ట పట్టుకుని బయటికి ఉరికింది. అప్పలకొండ కూడా పై ప్రాణాలు పైనే పోయి పరుగు లంకించుకున్నాడు.

గాండ్రింపు చివర్న వినపడింది: "హాఛ్!"

అప్పలకొండ ఆగిపోయాడు. ఆ తుమ్ము తనదే. ఏడాది కిందట పులిదొర గుహలో గాండ్రిస్తుంటే దూది ముక్కులో దూరి తను తుమ్మాడు. దొర చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. ఆ గాండ్రింపు పాడైందని దొర చేత మళ్ళీ గాండ్రింపజేశారు. బయటికి అద్దెకి వెళ్ళేది ఆ రెండోదే. పాడైనదాన్ని పైడమ్మ ఏనాడూ గుహ దాటనివ్వలేదు. మరి ఈరోజెందుకు వదిలింది? ఆమె దగ్గర్లోనే ఆపదలో ఉందని ఆయనకి చప్పున వెలిగింది.

వెనక్కి తిరిగి ఆ పొదలోకి దూకాడు. నారాయుడు పైడమ్మ తోకని కాలికింద తొక్కిపెట్టి, గుహ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని తొంగి చూస్తున్నాడు.

"బావా, పులి! పారిపో!" అని అరిచాడు, ఇంకా బుకాయిస్తూ.

"పులి తుమ్మలేదురా నారాయుడూ. తుమ్మింది నేను."

నారాయుడి కాలు సడలింది. పైడమ్మ ఎగిరింది. ఆపైన ఒక్క చరుపుకే నారాయుడు ఏరు దాటాడు. మళ్ళీ ఈ ఒడ్డున కనపడలేదు.

అప్పలకొండ అక్కడే చతికిలపడ్డాడు.

"అంత భయపడ్డావేటి అన్నా పులికి?"

"పులికి కాదమ్మా. నువ్వు లేకుండా పోతావేమోనని." చెబుతుంటే ఆయనకి కళ్ళు తడిశాయి, నవ్వూ వచ్చింది.

దుప్పి ఆయాసపడుతూ తిరిగొచ్చింది. "ఆ తేనెపట్టు నక్కకి తిరిగిచ్చేస్తారా?" అని అడిగింది.

"ఎందుకిస్తాం? ఒక్క గాండ్రింపుకి మాటాడుకున్నాం, ఒకటిచ్చాం" అంది పైడమ్మ. "తుమ్ము ఊరికే వేశాను."

ఎదుటివాడి విద్యని అద్దెకి తెచ్చుకోవచ్చు గాని, దాని గుట్టు అద్దెకి రాదు.