బండల సందులో దయ్యం జుట్టు

అనగనగా ఒక ఊరు. పేరు అడక్కండి, నాకే సరిగ్గా గుర్తులేదు. ఆ ఊరికో రాజు, తాటిరాజు. ఆయన భార్య పేరిందేవి. వాళ్ళకి ఒక్కడే కొడుకు, ఒక్కతే కోడలు. కోడలి పేరు మంగతాయి. మంత్రులు ఇద్దరో ముగ్గురో ఉన్నారు గానీ, వాళ్ళు ఉన్నా లేనట్టే.

ఊ కొట్టండి మరి. కొట్టకపోతే ఎక్కడున్నానో మర్చిపోతాను.

వానపడితే కాళ్ళకి బురద అంటుతోందని రాజుగారికి విసుగు. కోట వాకిలంతా నాపరాళ్ళు పరిపించాడు. నున్నటి బండలు. బండకీ బండకీ మధ్య వేలు పట్టేంత సందు. ఆ ఏడే కోడలు కాపురానికి వచ్చింది. కోడలు వచ్చింది, వాన వచ్చింది, వాన వెనకాలే సందుల్లో గడ్డి వచ్చింది.

ఇంటి ముందు గడ్డి మొలిస్తే ఏమంటారు? ఇల్లు పాడుబడిందంటారు. మనుషులు తిరగని ఇంటి ముందే కదా గడ్డి లేచేది. రాజుకి గుండె గుభేలుమంది. పేరిందేవి బుగ్గన వేలేసుకుంది.

"మట్టి వాకిలి ఉన్నన్నాళ్ళూ ఒక్క పోచ లేదు. ఇది గడప తొక్కింది, రాయి సందున గడ్డి లేచింది. అదేం పాదమే తల్లీ!" అంది.

పున్నమి నాటికి వాకిట్లో పచ్చటిది కనిపిస్తే కోడల్ని పుట్టింటికి పంపేస్తానంది. మంగతాయికి పుట్టిల్లెక్కడిది? తల్లి పోయింది. అన్న ఉన్నాడు, వదిన తలుపు తీయదు. మొగుడా? ఉన్నాడు పాపం. తల్లి ముందు నోరు లేదు.

ఆ పిల్ల గడ్డి పీకడానికి కూర్చుంది. పీకితే తెగింది. తెగితే చిగిర్చింది. చిగిరిస్తే అత్త చూసింది. చూస్తే తిట్టింది. తిడితే మళ్ళీ పీకింది. పీకితే మళ్ళీ తెగింది.

రాజు ఉప్పు చల్లమన్నాడు. చల్లారు. వాన కడిగేసింది. ఒక మంత్రి మరిగే నీళ్ళు పోయమన్నాడు. పోశారు. పైన ఆకు వాడింది, లోపల వేరు నవ్వుకుంది. ఇంకో మంత్రి మేకల్ని వదలమన్నాడు. మేకలు గడ్డి మేశాయి, గుమ్మానికి కట్టిన మామిడాకులు మేశాయి, రాజుగారి ఉత్తరీయం కొసా మేశాయి. పోతూ పోతూ పెంటికలు రాల్చి పోయాయి. ఆపైన గడ్డి ఇంకా ఏపుగా లేచింది.

"ఎందుకమ్మమ్మా?"

ఆగవే. వాళ్ళకే తెలీలేదు, నీకు అప్పుడే తెలిసిపోవాలా?

ఎవరికీ ఏమీ పాలుపోలేదు. చివరికి భూతవైద్యుణ్ణి పిలిచారు. వాడు వచ్చి బండకి చెవి ఆనించాడు. కళ్ళు మూశాడు. నిద్రపోయాడేమో అనుకున్నారు. అప్పుడు లేచి చెప్పాడు.

"రాజా, ఇది గడ్డి కాదు. కింద ఆడదయ్యం పడుకునుంది. ఇది దాని జుట్టు."

రాజు ఒక్క గెంతు గెంతి అరుగెక్కాడు. "అయ్యో! ఇన్నాళ్ళూ పీకించానే! ఎంత నొప్పి పుట్టిందో దానికి!"

"అదే దాని కోపం. నూనె రాయండి, దువ్వండి, జడలు వేయండి. శాంతిస్తుంది."

ఎవరు వేయాలి? ఇంకెవరు, కోడలే.

నవ్వకండర్రా. ఆ పిల్ల నవ్వలేదు. ఆముదం గిన్నె, దువ్వెన పట్టుకుని ఎండలో కూర్చుంది. సందు సందుకీ ఒక జడ. మూడు పాయలు తీయడం, అల్లడం, నారతో ముడెయ్యడం. దారిన పోయే ఆడవాళ్ళు ఆగారు. "కోడలమ్మా, సవరం పెట్టలేదేం? ఒట్టి జడ బాగోదు" అని ఒకర్నొకరు పొడుచుకుని పోయారు.

మంగతాయికి ఏమీ అర్థం కాలేదు. ఇది గడ్డో జుట్టో తెలీదు. కింద దయ్యముందో లేదో తెలీదు. నిజంగా నా పాదమే చెడ్డదేమో అనుకుంది. పదిమంది అంటే అలాగే అనిపిస్తుందమ్మా. అరికాలు తిప్పి చూసుకుంది. మామూలు అరికాలే.

ఊ కొడుతున్నారా? సరే.

ఒకచోట జుట్టు మరీ చిన్నది. పాయలు చేతికి దొరకలేదు. వంగింది. ఇంకా వంగింది. ముక్కు బండకి తగిలేంత వంగింది. సందులో ఏముంది? ఎండిన పేడ పెళ్ళ ఉంది. పేడలో పీచు ఉంది. పీచు పక్కన గింజ ఉంది. గింజలోంచి అప్పుడే తెల్లటి మొలక తల బయటపెడుతోంది.

పేడ ఎక్కడిది? కళ్ళాపిది. కళ్ళాపి ఎవరు చల్లుతున్నారు? అత్తగారు. తెల్లవారగానే ఆవిడే చల్లుతుంది, ఇంకొకర్ని ముట్టుకోనివ్వదు. గడ్డి కనిపించినప్పట్నించీ అశుభం పోవాలని ఇంకా చిక్కగా చల్లుతోంది. ఆవు గడ్డి మేస్తుంది. గింజ ఆవు కడుపులోకి. కడుపులోంచి పేడలోకి. పేడ చెంబులోకి. చెంబులోంచి బండ మీదికి. బండ మీంచి సందులోకి.

మట్టి వాకిలప్పుడు ఎందుకు మొలవలేదంటారా? మట్టి మీద మొలిచింది అందరి కాళ్ళ కిందా నలిగిపోతుంది. సందులోకి ఎవరి కాలూ దిగదు కదా.

తెలిసింది. తెలిసి ఏం లాభం? గడ్డి నాటుతున్నది మీ చెయ్యే అంటే అత్తగారు ఊరుకుంటుందా? పున్నమి దాకా కూడా ఆగదు.

మంగతాయి వంటింట్లోకి వెళ్ళింది. పేలాలు వేయించే ఇసుక తీసుకుంది. ఎన్నిసార్లో పొయ్యి మీద మంగలంలో కాలిన ఇసుక, అందులో బతికిన గింజంటూ ఉండదు. దాన్ని రెండు కుండల్లో పోసి అత్తగారి దగ్గరికి తీసుకెళ్ళింది.

"అత్తయ్యా, నేనెలాగూ పోయేదాన్నే. ఒక్క కోరిక తీర్చండి. ఒక కుండలో మంచినీళ్ళు, ఒక కుండలో కళ్ళాపి మీ చేత్తో పోయండి. మీ గదిలోనే పెట్టుకోండి. నేను ఆ గడప తొక్కను."

"ఎందుకే?"

"నాకూ తెలీదత్తయ్యా. తెలుసుకుందామని."

ఆ జవాబుకి పేరిందేవి తికమక పడింది. పోసింది. కిటికీలో పెట్టుకుంది. తలుపు గొళ్ళెం వేసి మరీ కాపలా కాసింది. పున్నమి ఇంకా దూరం ఉండగానే ఒక పొద్దున లేచి చూస్తే, నీళ్ళ కుండ బోసిగా ఉంది. కళ్ళాపి కుండలో పచ్చగా గడ్డి!

మంచం కింద వెతికింది. కోడలి అడుగు జాడ లేదు. గొళ్ళెం ఊడలేదు. తన గది. తన చెయ్యి. కుండని అటూ ఇటూ తిప్పి చూసింది. తర్వాత బయటికొచ్చి గట్టిగా అరిచింది.

"అయితే కళ్ళాపి మానేయమంటావా? కళ్ళాపి లేనిది వాకిలెలా అవుతుందే?"

"మానొద్దత్తయ్యా. కోట తలుపు బయట మట్టి ఉంది, అక్కడ చల్లండి. బండల మీద మంచినీళ్ళు పోసి ముగ్గేద్దాం. సందులు మాత్రం నోరు తెరుచుకుని ఉండకూడదు."

రాజు, కొడుకు, మంత్రులు అందరూ ఇనపచువ్వలు పట్టుకుని కూర్చున్నారు. జడలు పోయాయి, గడ్డివేళ్ళు పోయాయి, అడుగున చేరిన దుమ్మంతా పోయింది. సున్నం, ఇసుక, బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు కలిపి నూరి సందుల్లో కూరారు. తడిగుడ్డలు కప్పి ఆరనివ్వకుండా తడిపారు. గట్టిపడింది.

"మరి దయ్యమో?" అని రాజు మెల్లిగా అడిగాడు.

"తల దువ్వించుకుంది కదా మామయ్యగారూ, ఊరెళ్ళింది" అంది మంగతాయి.

పున్నమి వచ్చింది. వాకిలి అద్దంలా ఉంది. పుట్టింటి మాట ఎవరూ ఎత్తలేదు. అలాగని ఉండిపొమ్మని కూడా ఎవరూ అనలేదు. అందుకని మంగతాయి గుండె ఇంకా కొట్టుకుంటూనే ఉంది.

ఒక పొద్దున మెట్టు మూల, సున్నం కాస్త బీటిచ్చిన చోట, ఒక్క పోచ లేచింది. కళ్ళాపి లేదు, పేడ లేదు. గాలి తెచ్చిందో, పిట్ట తెచ్చిందో. ముందు పేరిందేవే చూసింది. వంటింటి కిటికీలోంచి మంగతాయి అత్తగారిని చూసింది.

పేరిందేవి అటు చూసింది, ఇటు చూసింది. వంగి ఆ పోచని వేరుతో సహా పీకింది. చీర మడతలో, రొంటిన దోపుకుంది. వేలితో ఇంత సున్నం తెచ్చి బీట మీద అదిమింది. లోపలికొచ్చి, "ఏమే, ఇంకా అన్నం తినలేదా? పద, ఇద్దరం తిందాం" అంది.

అంతే. అందరూ సుఖంగా ఉన్నారు. ఇంట్లో ఏదైనా చెడ్డది మొలిస్తే కొత్తగా వచ్చిన మనిషి కాళ్ళకేసి చూడకండర్రా. ముందు మన చేతిలో చెంబు చూసుకోవాలి. చూసుకున్నా అన్నీ తెలియవనుకోండి. కొన్ని పీకి రొంటిన దోపుకోవాలి.

కథ కంచి బండెక్కింది. మీరు దుప్పట్లో దూరండి.